పెరట్ల ఆక్వాపోనిక్స్ పెట్టిన, చేపలు పోతున్నయ్, ఆకులు పసుపు పడుతున్నయ్, జర చూసి చెప్పండి

సూర్యాపేట_పెరడు:

నమస్తే అందరికీ. మాది సూర్యాపేట, ఇంటెనక పన్నెండు అడుగుల వెడల్పు పదహారు అడుగుల పొడుగు జాగ ఖాళీగ ఉంటది. బోరు ఉంది గానీ ఏప్రిల్ వచ్చిందంటే పావుగంట పోసి ఆగిపోతది, మా దిక్కు నీళ్ళల్ల ఫ్లోరైడ్ సంగతి మీకు తెల్సిందే, తాగనీకి మిషన్ భగీరథ నీళ్ళు వస్తయ్. ఇంట్ల ఇద్దరు చిన్న పిల్లలున్నరు, మార్కెట్ల తెచ్చిన కొత్తిమీర కడుగుతుంటే మందు వాసన కొడుతుందని మా ఇంటామె రోజూ అంటది. ఆక్వాపోనిక్స్ అంటే చేపల తొట్టి నీళ్ళతోనే మట్టి లేకుండ మొక్కలు పెంచుడు, తక్కువ నీళ్ళతోని ఆకుకూరలు అయితయ్, పక్కన చేపలు కూడ పెరుగుతయ్ అని వీడియోలల్ల చూసి మూడు నెలలు పైసలు జమ చేసి మొన్న మార్చి ఆఖరుల పెట్టిన.

పెట్టింది ఏందంటే, గ్లూకోజ్ సిరప్ వచ్చిన ఐబీసీ ట్యాంక్, అంటే ఇనుప చట్రంల ఉండే పెద్ద ప్లాస్టిక్ డబ్బా, ఒకటి వెయ్యి లీటర్లది చేపలకు, ఇంకోటి అడ్డంగ కోసి రెండు మడులు చేసిన, ఒక్కొక్కటి ఒకటింబావు మీటరు పొడుగు మీటరు వెడల్పు అడుగు లోతు, అండ్ల 20 ఎంఎం కంకర. పంపు 40 వాట్లది ట్యాంక్ల నీళ్ళు మడికి ఎక్కిస్తది, మళ్ళ సైఫన్‌ల నుంచి ట్యాంక్లకే పడ్తయ్ (సైఫన్ అంటే మడి నిండంగనే నీళ్ళు గుంజి కిందికి వదిలే పైపు). గాలి పంపు చిన్నది ఒకటి ఉంది. మీద జీఐ పైపుల ఫ్రేమ్ కట్టి నాలుగు దిక్కులా పాలిథీన్ షీట్ కప్పిన, గ్రీన్‌హౌస్ అంటే గట్లనే ఉండాలె కదా అనుకున్న. సామాను అమ్మినాయన అన్నీ ఒక్కరోజే పెట్టుకోవచ్చు అన్నడు. నీళ్ళు నింపిన సాయంత్రమే 60 రూప్‌చంద్ చేప పిల్లలు వేసిన, బొటనవేలంత ఉన్నయ్. టమాటా, పాలకూర, మిర్చి, కొత్తిమీర పెట్టిన.

ఇప్పటికి 23 పిల్లలు చచ్చిపోయినయ్. పొద్దున లేచి చూస్తే రెండు మూడు తేలుతున్నయ్, బతికున్నవి నీళ్ళ మీదికొచ్చి నోళ్ళు తెరుస్తున్నయ్. మా అమ్మ ఆకలైతుందేమో అని పొద్దుగాల రెండు పిడికిళ్ళు సాయంత్రం రెండు పిడికిళ్ళు మేత వేస్తుంది, నేనూ వద్దనలే. టమాటా పూత వచ్చింది వచ్చినట్టే రాలింది, పాలకూర కొత్తాకులు పసుపు పడి ఈనెలు మాత్రం పచ్చగ ఉన్నయ్. అక్వేరియం షాపుల చుక్కల కిట్ తెచ్చి చూస్తే అమ్మోనియా 4, నైట్రైట్ 2, నైట్రేట్ దాదాపు సున్న, పీహెచ్ 8.4. మధ్యాహ్నం షెడ్ల 46 డిగ్రీలు చూపిస్తుంది, నీళ్ళు 32. మా నాయిన పీకేయమంటున్నడు. నాకు పీకేయబుద్ధి అయితలేదు. నీళ్ళు బోరువే పోసిన. ఏం చెయ్యాలె ముందు?


కొల్లేటి_గట్టు:

తమ్ముడూ ముందు మేత ఆపెయ్. ఇప్పుడే. ఈ పోస్టు చివరిదాకా చదవకముందే మీ అమ్మగారికి చెప్పు, నాలుగైదు రోజులు ఒక్క గింజ కూడా పడకూడదని. ఆకలికి చేప చావదు, వారం పదిరోజులు మేత లేకపోయినా తట్టుకుంటుంది, తిన్న మేతే నీళ్ళలో విషమై దాన్ని చంపుతుంది.

మేం కైకలూరు దగ్గర చెరువులు చేస్తాం, మా నాన్నగారి కాలం నుంచి బొచ్చె, శీలావతి, ఈమధ్య రూప్‌చంద్ కూడా. ఆక్వాపోనిక్స్ నేను చేయలేదు కానీ నీళ్ళు నీళ్ళే. నువ్వు రాసిన అంకెలు చూస్తే కారణం కనిపిస్తానే ఉంది. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదుల్తుంది, మిగిలిపోయిన మేత కుళ్ళినా అమ్మోనియానే. నీ కిట్ చూపించే 4 పీపీఎం (లీటరుకి 4 మిల్లీగ్రాములు) మొత్తం విషం కాదు, అందులో కొంత భాగమే చేపని చంపే రూపంలో ఉంటుంది, ఆ భాగం ఎంతనేది పీహెచ్, వేడి రెండూ కలిసి తేలుస్తాయి. నీ 8.4 పీహెచ్‌కి 32 డిగ్రీలకి దాదాపు ఐదో వంతు విషరూపంలో ఉంటుంది, అంటే 0.7 పైనే, చిన్న పిల్లలకి అది చాలా ఎక్కువ. అదే 4 పీపీఎం పీహెచ్ 7 ఉన్న నీళ్ళలో ఉంటే విషభాగం 0.04 కూడా దాటదు. నీ చేపల్ని చంపింది ఒక్క అమ్మోనియానే కాదు, అమ్మోనియా, బోరు నీళ్ళ పీహెచ్, ఆ పాలిథీన్ వేడి ఈ మూడూ కలిసి చంపాయి.

ఇవాళ సాయంత్రం సగం నీళ్ళు తీసెయ్, ఆ తీసిన నీళ్ళు పారబోయకు, మావిడి చెట్టుకో అరటి చెట్టుకో పెట్టు. కొత్తగా పోసేది భగీరథ నీళ్ళైతే ముందురోజే డ్రమ్ములో పట్టి గాలి పంపుకి బుడగలు వదిలే గాలి రాయి తగిలించి ఒక రోజంతా ఆడనివ్వు, క్లోరిన్ పోవాలి. రేపు మళ్ళీ ఒక పావు వంతు మార్చు. నైట్రైట్ 2 ఉందన్నావు కదా, చచ్చిన చేప మొప్ప ఎత్తి చూడు, ఎర్రగా కాకుండా చాక్లెట్ రంగులో ఉంటే రక్తం ఆక్సిజన్ మోయలేకపోతుందని అర్థం, నీళ్ళలో గాలి ఎంతున్నా ఊపిరాడదు దానికి. దానికి మందు మన రాళ్ళ ఉప్పే, అయోడిన్ కలపనిది, వెయ్యి లీటర్లకి ఒక కేజీ, బకెట్లో కరిగించి మెల్లగా పొయ్యి. ఒక్కసారే, మళ్ళీ మళ్ళీ వెయ్యకు, ఉప్పు నీళ్ళలోంచి ఎటూ పోదు, మొక్కలకి ఇబ్బంది. ఎవరైనా జియోలైట్ (అమ్మోనియాని పట్టుకునే ఒక ఖనిజం) వెయ్యమంటే ఉప్పుతో కలిపి వెయ్యకు, జియోలైట్ పట్టుకున్న అమ్మోనియాని ఉప్పు మళ్ళీ వదిలించేస్తుంది, ఇది చాలామంది చేసే పొరపాటు.

గాలి పంపు ఇంకోటి పెట్టు. తెల్లారుజామున నాలుగు నుంచి ఆరు మధ్య లేచి చూడు, ఆ టైంలోనే నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఉంటుంది, పచ్చనాచు ఉంటే మరీను, పగలంతా ఆక్సిజన్ ఇచ్చి రాత్రంతా అదే తాగేస్తుంది. తెల్ల ఐబీసీకి ఎండ తగిలితే నాచు పట్టకుండా ఉండదు, గోనె సంచులు చుట్టి తడిపి ఉంచు, నీడా అవుతుంది, మీ వైపు పొడి ఎండకి నీళ్ళు రెండు మూడు డిగ్రీలు దిగుతాయి కూడా.


సూర్యాపేట_పెరడు:

అన్నా మస్తు థ్యాంక్స్. మొప్పలు చూసిన, నువ్వన్నట్టే ఎర్రగ లేవు, ముదురు గోధుమరంగు. మేత ఆపించిన, అమ్మ కొంచెం బాధ పడ్డది గానీ చావు ఆపనీకి అంటే ఊకుంది. సగం నీళ్ళు ఇప్పుడే తీసి జామచెట్టుకు పెట్టిన. పాలిథీన్ సంగతి ఏం చెయ్యమంటరు, తీసేస్తే గ్రీన్‌హౌస్ ఎట్లయితది?


మిషిగన్_గోంగూర:

తీసేయండి. నేను గ్రీన్‌హౌస్‌లోనే ఆరేళ్ళుగా చేస్తున్నాను కాబట్టి చెప్తున్నా.

మేముండేది డెట్రాయిట్‌కి గంట దూరం. ఇక్కడ మే నెల సగం దాకా మంచు భయం ఉంటుంది, అక్టోబర్ వచ్చేసరికి మళ్ళీ మొదలు. నేను గ్రీన్‌హౌస్ కట్టుకుంది ఈ నాలుగున్నర నెలల కాలాన్ని అటు రెండు వారాలు ఇటు మూడు వారాలు సాగదీసుకోవడానికి. పాలికార్బొనేట్ రేకులు రెండు పొరలవి, పది పన్నెండు అడుగుల గది, అందులో చేపల ట్యాంక్ పగలంతా ఎండకి వేడెక్కి రాత్రి ఆ వేడి వదుల్తూ ఉంటుంది, ట్యాంకే నాకు హీటర్ అన్నమాట. అయినా జనవరిలో బయట మైనస్ 15, మైనస్ 20 ఉన్నప్పుడు ఏమీ చేయలేను, మొక్కలు ఆపేస్తాను, చేపలు మాత్రం పసుపు పెర్చ్, బ్లూగిల్ లాంటి ఇక్కడి చలిని తట్టుకునే రకాలు కాబట్టి మేత తినకుండా అడుగున పడుంటాయి. మొదటి ఏడాది అందరూ చెప్పారని తిలాపియా వేశాను, పది పన్నెండు డిగ్రీల కిందకి నీళ్ళు దిగితే అవి బతకవు, నవంబర్లో ఒక రాత్రి కరెంటు పోయి హీటర్ ఆగింది, పొద్దున్నకి అన్నీ పోయాయి. ఆ ట్యాంక్ దగ్గర ఎంతసేపు నిలబడిపోయానో నాకు గుర్తు, అందుకే మీ పోస్టు చదివి రాయకుండా ఉండలేకపోయాను.

నాకు గ్రీన్‌హౌస్ అంటే వేడిని పట్టుకునే పెట్టె. మీకు ఏప్రిల్లో వేడిని పట్టుకోవాల్సిన పనేముంది? మీకు కావాల్సింది నీడ, గాలి. అదే ఫ్రేమ్ మీద పైన 50 శాతం షేడ్ నెట్ వేసి పక్కలకి పురుగులు రాని సన్న జాలి కట్టండి. వానాకాలం గట్టి వర్షాలు పడేటప్పుడు మాత్రం పైన పాలిథీన్ వేసుకోవచ్చు, పక్కలు తెరిచే ఉంచాలి. టమాటా పూత రాలింది కూడా వేడికే, పగలు 35 దాటితే పుప్పొడి పనిచేయదు, 46లో అస్సలు నిలవదు.

ఇక పాలకూర. కొత్త ఆకు పసుపు, ఈనెలు పచ్చ అంటే ఇనుము అందట్లేదని. పీహెచ్ 8 దాటితే నీళ్ళలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. చేపల మేతలో ఎలాగూ ఇనుము మొక్కకి సరిపోయేంత ఉండదు, కాబట్టి ఆక్వాపోనిక్స్‌లో ఇనుము బయట్నించి ఇవ్వాల్సిందే, ఇక్కడ అందరం ఇస్తాం. ఎరువుల షాపులో చిలేటెడ్ ఐరన్ (మొక్కకి అందేలా వేరే పదార్థంతో కట్టిన ఇనుము) అడిగితే ఎక్కువగా ఈడీటీఏ ఇస్తారు, అది పీహెచ్ ఆరున్నర దాటితే విడిపోతుంది, మీకు దండగ. ఈడీడీహెచ్ఏ అని రాసున్నది అడగండి, అది తొమ్మిది దాకా ఆగుతుంది. 6 శాతం ఐరన్ ఉన్న పొడి అయితే మీ వెయ్యి లీటర్లకి 33 గ్రాములు, అంటే లీటరుకి 2 మిల్లీగ్రాముల ఇనుము. నీళ్ళు ఎర్రటి టీ రంగులోకి మారతాయి, కంగారు పడకండి, చేపలకి ఏం కాదు.

ఆకుకూరలు దక్కితే ఆ ఆనందమే వేరు. ఇక్కడ మే ఆఖర్లో వేసిన గోంగూర ఆగస్టులో మా గుమ్మం ముందు నిలబడి పోటీపడి కోసుకెళ్తారు తెలుగువాళ్ళు. పొద్దు తగ్గగానే పూతకి వచ్చేస్తుంది, అందుకే సెప్టెంబర్ లోపే పచ్చడి పెట్టేసుకుంటాం.


జనగామ_మట్టి:

నేను కొంచెం వేరే మాట చెప్తా, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. ఇంత కష్టం ఎందుకు తమ్మీ? చేపల తొట్టి ఉంచు, అండ్ల నీళ్ళు రోజూ రెండు బకెట్లు తీసి మట్టిల పెట్టిన ఆకుకూరలకు పొయ్యి, తీసినంత కొత్త నీళ్ళు పొయ్యి. పంపు ఆగిపోయినా మట్టిల తడి ఉంటది, మొక్క చావదు. ఇనుము, పొటాష్ అన్నీ మట్టే చూసుకుంటది, నీళ్ళ పీహెచ్ ఎనిమిది ఉన్నా పేడెరువు వేసిన మట్టి దాన్ని సర్దుకుంటది. మిషన్ కాకతీయల మా ఊరి చెరువు పూడిక తీసినప్పుడు ట్రాక్టర్లతోని మట్టి తెచ్చి చెల్కల పోసుకున్నం, రెండు మూడేండ్లు ఎరువు తగ్గించినా పంట తగ్గలే. చెరువుల చేపలు, కప్పలు, నాచు ఇన్నేండ్లు కలిసి చేసిన ఎరువు అది. నువ్వు ట్యాంకుల చేసేది అదే పని, కాకపోతే మట్టి తీసేసి కంకర పెట్టినవ్, కంకర తనంతట తాను ఏమీ ఇయ్యది.


బెజవాడ_మిద్దెతోట:

జనగామ అన్నగారి మాట నూటికి నూరుపాళ్ళు నిజమే, కానీ ఆ పద్ధతికి రోజూ రెండు బకెట్లు కొత్త నీళ్ళు కావాలి, ఈ తమ్ముడి బోరు ఏప్రిల్లో ఆగిపోతుంది. నాది విజయవాడలో మేడ మీద, వెయ్యి లీటర్ల ట్యాంక్, మూడు మడులు, నాలుగేళ్ళయింది. ఎండాకాలం నాకు రోజుకి పదిహేను ఇరవై లీటర్లు పోస్తే సరిపోతుంది, అది కూడా ఆకుల్లోంచి ఆవిరైపోయిన నీళ్ళే, వృథా పోయింది కాదు. మట్టిలో అన్ని మొక్కలకి ఆ నీళ్ళు ఒక మూలకి రావు. నీళ్ళు లేనిచోట కంకర మడికి అర్థం ఉంది. మేడ మీద పెట్టాలనుకునే వాళ్ళు ఎవరైనా చదువుతుంటే, వెయ్యి లీటర్లంటే టన్ను బరువు, కంకర అదనం, ఇంజనీరుకి చూపించి స్తంభాల మీద పడేలా పెట్టుకోండి, నేను అలాగే చేశాను.

తమ్ముడూ, అందరూ నీకు నీళ్ళ గురించి చెప్పారు, నేను ఆ కంకరలో ఏం లేదో చెప్తాను. నీ మడిలో ఇంకా సరిపడా బ్యాక్టీరియా లేదు. అమ్మోనియాని ఒకరకం బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తుంది, ఇంకోరకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, ఆ నైట్రేటే మొక్క తినేది. ఈ రెండూ కంకర మీద కంటికి కనపడని జిగురు పొరలా పెరగాలి, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీకు నైట్రైట్ 2 వచ్చిందంటే మొదటి రకం పని మొదలెట్టింది, రెండోది ఇంకా రాలేదు, సరిగ్గా ఈ మధ్యకాలంలోనే చేపలు ఎక్కువగా పోతాయి. అసలైతే చేపలు లేకుండా చిటికెడు చిటికెడు అమ్మోనియా వేస్తూ మడిని సిద్ధం చేసి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నకి వచ్చి నైట్రేట్ కనిపించాక చేపలు వేయాలి. ఒక్కరోజులో అన్నీ పెట్టుకోవచ్చని నీకు అమ్మినాయన చెప్పకూడని మాట చెప్పాడు. నాకు నిజంగా కోపం వచ్చింది చదివి.

అయ్యిందేదో అయ్యింది. సూర్యాపేట నుంచి బెజవాడకి బస్సు రెండున్నర గంటలే కదా. నా మడిలోంచి ఒక బకెట్ కంకర ఇస్తాను, నాలుగేళ్ళ బ్యాక్టీరియా ఉంది దాని మీద. తడి ఆరకుండా, మూత గట్టిగా బిగించకుండా తీసుకెళ్ళి అదే రోజు నీ మడిలో నీళ్ళు పడే చోట పొయ్యి. ఆరు వారాలు పట్టేది చాలా తొందరగా అవుతుంది. మెసేజ్ పెట్టు.

ఇంకో లెక్క. ఈ పద్ధతిలో మొక్కలకి సరిపడా చేపలు ఎన్ని అని కాదు, సరిపడా మేత ఎంత అని చూడాలి. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్ఏఓ 2014లో చిన్న ఆక్వాపోనిక్స్ మీద పెద్ద పుస్తకం వేసింది, అందులో ఆకుకూరలకైతే చదరపు మీటరుకి రోజుకి 40 నుంచి 50 గ్రాముల మేత, కాయగూరలకైతే 50 నుంచి 80 అని ఉంటుంది. నీ మడులు రెండూ కలిపి రెండున్నర చదరపు మీటర్లు, అంటే అంతా బాగా నడిచాక ఆకుకూరలకి రోజుకి 100 నుంచి 125 గ్రాముల మేత. ఎదిగిన చేప తన బరువులో రెండు శాతం దాకా తింటుంది, అంటే నీకు కావాల్సింది మొత్తం ఐదారు కేజీల చేపలు. నీకు మిగిలిన పిల్లలే ఒక్కొక్కటి నూట యాభై గ్రాములైతే ఐదు కేజీలు దాటుతాయి. కాబట్టి చచ్చినవాటి బదులు కొత్తవి కొనకు. ఇప్పుడవి పది గ్రాముల పిల్లలు, అన్నీ కలిపి రోజుకి 15, 20 గ్రాములు చాలు, మీ అమ్మగారికి వంటింటి చెంచాతో కొలిచి ఇవ్వు, రెండు పిడికిళ్ళంటే దానికి ఎన్నో రెట్లు.

టమాటా ఈ ఏడాది వద్దు, దానికి పొటాషియం చాలా కావాలి, చేప మేతలో అది తక్కువ. తోటకూర, పాలకూర, బచ్చలి, పుదీనా, వానలు పడ్డాక గోంగూర. కొత్తిమీర కార్తీకం తర్వాతే. కంకర పైన రెండంగుళాలు ఎప్పుడూ పొడిగా ఉండాలి, సైఫన్ ఎత్తు అలా సరిచేసుకో, లేకపోతే నాచు, దోమ రెండూ వస్తాయి. ఇంకోటి, ఒక రాయి తీసి దాని మీద వెనిగర్ పొయ్యి, బుడగలు వస్తే సున్నపురాయి, అది ఉన్నన్నాళ్ళూ పీహెచ్ దిగదు. మీ వైపు కంకర ఎక్కువ గ్రానైట్ కాబట్టి రాకపోవచ్చు, అయినా చూడు. పంపు దగ్గర ఇత్తడి వాల్వు ఏమైనా ఉంటే తీసి ప్లాస్టిక్‌ది పెట్టు, రాగి చేపలకి పడదు. పేనుబంక వచ్చిందని వేపనూనె, సబ్బునీళ్ళు కొట్టేవు, అది కారి నీళ్ళలో పడితే మొప్పలు దెబ్బతింటాయి. నేను నీళ్ళ పైపుతో గట్టిగా కొట్టి రాల్చేస్తాను, పసుపు జిగురు అట్టలు కడతాను, మరీ పట్టిన మొక్కని పీకి బయట పడేస్తాను.


కొల్లేటి_గట్టు:

బెజవాడ అక్కయ్య గారు చెప్పిన మేత లెక్క మా చెరువుల్లో కూడా అంతేనండి, ఎన్ని చేపలున్నాయో తర్వాత, రోజుకి ఎన్ని కట్టలు మేత పడతందో దాన్ని బట్టే నీళ్ళ సంగతి చెప్పేస్తాం. ఒక్కమాట కలుపుతా. రేపు ఎవరో వచ్చి రూప్‌చంద్ తీసేసి ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ వెయ్యి, ఎంత చెడ్డ నీళ్ళైనా బతుకుతుంది అంటారు, వెయ్యకు. అది మన దేశంలో నిషేధం, చెరువుల్లో పడితే మన చేపల్ని మిగల్చదు. తిలాపియా వెయ్యాలన్నా మేలురకం గిఫ్ట్ తిలాపియాకి మత్స్యశాఖ అనుమతి కావాలి, విజయవాడ దగ్గరి మణికొండలో రాజీవ్‌గాంధీ ఆక్వాకల్చర్ సెంటర్ వాళ్ళది ఆ చేపపిల్లల కేంద్రం ఉంది, అడిగితే రూల్స్ చెబుతారు. నువ్వు ప్రస్తుతం ఉన్నవాటినే బతికించుకో. కరెంటు పోతే ఏంటి ఏర్పాటు?


సూర్యాపేట_పెరడు:

కరెంటుకు ఇంట్ల ఇన్వర్టర్ ఉంది అన్నా, గాలి పంపు రెండూ దానికి కలిపిన ఇయ్యాల, నీళ్ళ పంపు కలపలే. కంకర మీద వెనిగర్ పోసిన, బుడగలు రాలే. అక్కా ఆదివారం వస్తున్న.


సూర్యాపేట_పెరడు:

అందరికీ మళ్ళీ నమస్తే, రెండు నెలలు దాటింది, ఇక్కడ చెప్పకుండ ఉంటే తప్పని వచ్చిన.

పాలిథీన్ తీసేసిన, పచ్చ షేడ్ నెట్ 50 శాతంది కప్పి పక్కలకు జాలి కట్టినం నేను మా నాయిన కలిసి. అవును నాయినే వచ్చి కట్టిండు. అక్క ఇచ్చిన కంకర రెండు బకెట్లు, మడిల నీళ్ళు పడేచోట వేసిన. బస్సుల వాసన వస్తదేమో అనుకున్న గానీ ఏం రాలే, వాన పడ్డ మట్టి వాసన లెక్క ఉండె. మొదటి వారం ఇంకో ఆరు పిల్లలు పోయినయ్, ఆ తర్వాత ఆగిపోయింది. రోజూ పొద్దుగాల ఐదింటికి లేచి చూస్తున్న అన్నా నువ్వు చెప్పిన కాడికెళ్ళి. పదహారో రోజు అమ్మోనియా 0.25కు వచ్చింది, నాలుగు రోజులకు నైట్రైట్ సున్న, నైట్రేట్ మొదటిసారి 20 చూపించింది, మా పాపను పిలిచి కిట్ సీసాల ఆ ఎరుపు రంగు చూపించిన, నీళ్ళల్ల రంగు ఎందుకు మారింది నాన్నా అని అడిగితే ఏం చెప్పాల్నో తెలియక రాళ్ళు వంట చేస్తున్నయ్ బిడ్డా అని చెప్పిన. ఇప్పుడు అది రోజూ స్కూలుకు పోయేముందు రాళ్ళు వండినయా అని అడుగుతది.

31 చేపలున్నయ్. అరచేయంత అయినయ్. అమ్మకు చెంచా ఇచ్చిన, ఎనిమిది చెంచాలకు వచ్చింది ఇప్పుడు, కొలిచి వేసి నిలబడి చూస్తది ఐదు నిమిషాలల్ల తింటున్నయా లేదా అని, మిగిలితే జాలితోని తీసేస్తది. ఈడీడీహెచ్ఏ సూర్యాపేటల దొరకలే, హైదరాబాద్ నుంచి తెప్పించిన. వేసినంక పది పన్నెండు రోజులకు కొత్తాకులు పచ్చగ వచ్చినయ్, పాతవి మాత్రం మారలే. తోటకూర మూడు సార్లు కోసినం, పాలకూర రెండు సార్లు. పప్పుల వేసిన రోజు నాయిన ఏమనలే, రెండోసారి వేయించుకున్నడు.

ఒక్క సంగతి మిగిలింది. పీహెచ్ ఇంకా 7.9 కాడనే ఉంది. జూన్ల వానలు పడ్డయ్, రేకుల మీద పడ్డ నీళ్ళు డ్రమ్ములల్ల పట్టిన మూడు వందల లీటర్లు. నిమ్మకాయలు పిండుమని ఒకాయన చెప్పిండు, వెయ్యాల్నా?


బెజవాడ_మిద్దెతోట:

నిమ్మరసం వద్దు తమ్ముడూ, అందులోని సిట్రిక్ యాసిడ్ నీ రాళ్ళ వంటవాళ్ళనే దెబ్బతీస్తుంది, పైగా బోరు నీళ్ళలో కార్బొనేట్లు ఉన్నంతకాలం ఇవాళ దిగిన పీహెచ్ రేపు మళ్ళీ ఎక్కుతుంది, ఆ ఊగడమే చేపలకి ఎక్కువ హాని. ఇక నుంచి పోసే నీళ్ళన్నీ వాన నీళ్ళే పొయ్యి, మొదటి వాన నీళ్ళు మాత్రం పట్టకు, రేకుల మీద దుమ్మంతా అందులోనే ఉంటుంది. బ్యాక్టీరియా పనిచేస్తూ ఉంటే పీహెచ్‌ని అదే మెల్లగా కిందకి లాగుతుంది, నాకు ఏడాదికి 7 దగ్గరికి వచ్చింది. అక్కడి నుంచి ఇంకా దిగిపోతుందని చూసుకోవాల్సి వస్తుంది, అప్పుడు తడి సున్నం చెంచాడు బకెట్లో కలిపి కొంచెం కొంచెం పొయ్యి, క్యాల్షియం కూడా అందుతుంది. 6.5 కిందకి మాత్రం వదలకు, అక్కడ బ్యాక్టీరియా మందగిస్తుంది.

మీ పాప అడిగింది నాకు చాలా నచ్చింది.


మిషిగన్_గోంగూర:

వాన నీళ్ళ మాటే నేనూ చెప్పబోయాను. ఫ్రేమ్ జీఐ పైపులు అన్నారు కదా, వాటికి జింకు పూత ఉంటుంది, పైపుల మీద కారిన నీళ్ళు ట్యాంక్‌లో పడకుండా చూడండి, జింకు చేపలకి మంచిది కాదు. గోంగూర గింజలు ఇప్పుడు వేస్తే మీకు దసరా లోపు నాలుగైదు కోతలు వస్తాయి. మాకు ఈ వారమే మొదటి కోత.


జనగామ_మట్టి:

తమ్మీ 31 చేపలు బతికినయ్ అంటే సంబురమైంది. నేను వద్దన్న గానీ నీ నీళ్ళ లెక్క చూసినంక నాకు సమజైంది. మా పెరట్ల బోరు కూడ ఈ ఏడు మేల ఆగింది. ఆ మడి ఫోటోలు, సైఫన్ కోసిన కొలతలు ఉంటే పెట్టు.


సూర్యాపేట_పెరడు:

రేపు పొద్దుగాల వెలుగు వచ్చినంక తీసి పెడత అన్నా. సైఫన్ అయితే నిలువు పైపు ముప్పావు అంగుళం, దాని మీద రెండంగుళాల పైపు మూత బిగించి బోర్లిచ్చిన, కింద నాలుగు గాట్లు, దాని చుట్టూ కంకర జొరబడకుండ మూడంగుళాల పైపుకు చిల్లులు కొట్టి పెట్టిన. నిలువు పైపు మడి అంచుకన్న రెండంగుళాలు కిందికి ఉండాలె, నేను మొదలు అంచు దాకా పెట్టి రెండుసార్లు కోసిన.